నూట పన్నెండున్నర శాతం

ఏడో తరగతి లెక్కల పునశ్చరణ మన జిల్లాలో ఇక ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు చేసేది కాదని, ప్రణాళికాబద్ధంగా, పారదర్శకంగా, ఫొటోతో సహా జరుగుతుందని రివిజన్ మిషన్ డైరెక్టర్ వెంకటకృష్ణారావు గారు విజయవాడలో ఓ ఏసీ హాల్లో ప్రకటించారు. ముందు వరుసవాళ్లు చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో మేం, అంటే పత్రికలవాళ్లం, కిట్ బ్యాగులో ఏముందో చూసుకుంటున్నాం. పెన్ను, ప్యాడు, మిషన్ బొమ్మ వేసిన కాఫీ కప్పు. నేను మైలవరం రోడ్డులో ఒక పల్లెటూరికి కంట్రిబ్యూటర్ని. ఒంటరివాణ్ణి కాబట్టి ఒక్క కప్పు నాకు సరిపోయింది.

"రివిజన్ జరగడం ముఖ్యం కాదు. జరిగినట్టు మనకి తెలియడం ముఖ్యం. తెలియని రివిజన్ జరగని రివిజన్‌తో సమానం," అన్నారు డైరెక్టర్ గారు.

ఇంత లోతైన మాట నేను ఈ మధ్య వినలేదు.

పద్ధతి కూడా చాలా తేలిక. విద్యార్థి లెక్కల పుస్తకం తెరిచి పట్టుకోవాలి. టీచరు ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలి. ఒక ఫొటో అంటే ఒక రివిజన్. జిల్లా మ్యాపులో ఆ ఊరు ఎరుపు నుంచి పసుపుకి, పసుపు నుంచి ఆకుపచ్చకి మారుతుంది. నమూనాగా తెర మీద ఓ మండలం ఆకుపచ్చ అయినప్పుడు నేను తెర చూడలేదు, డైరెక్టర్ గారి ముఖం చూశాను. కడుపు నిండా పాలు తాగి నిద్రలోకి జారుకునే పసిబిడ్డ ముఖంలో తప్ప అంత శాంతి ఎక్కడా కనపడదు.

మా ఊరి హైస్కూల్లో లెక్కల టీచరు కనకలక్ష్మి గారు. ఏడో తరగతిలో నలభై మంది పిల్లలు. వార్త కోసం నేను వెళ్లేసరికి ఆవిడ నల్లబల్లకి వీపు పెట్టి ఫొటోలు తీస్తున్నారు.

"పుస్తకం ఇంకాస్త పైకెత్తమ్మా మనోజ్ఞా. ముఖం కనపడాలి, పేజీ కనపడాలి."

"రెండూ ఒకేసారి కనపడవు టీచర్."

"నాలుక మాత్రం బాగా కనపడుతోంది. అది లోపల పెట్టు."

"ఇవాళ ఏం పాఠమండీ?" అని అడిగాను.

"శాతాలండీ. రివిజన్ అయిపోయింది."

"పిల్లలకి బాగా వచ్చాయా?"

"ఇంకా చెప్పలేదండీ." ఆవిడ ఫోను పైకెత్తి కిటికీ వైపు సిగ్నల్ వెతికారు. "సోమవారం పరీక్ష. శాతాలు రాకపోతే నలభై మందీ తప్పుతారు. నాకు ఒక్క గంట ఇప్పించమనండి, చెప్పేస్తాను. ఈ ఫోను కింద పెట్టుకోనిచ్చే గంట."

ఆ రోజు నెట్ సరిగ్గా లేదు. అయిదుగురి ఫొటోలు వెళ్లాయో లేదో తెలియక ఆవిడ రెండోసారి నొక్కారు. సాయంత్రానికి యాప్ లెక్క తేల్చింది. నలభై మందికి నలభై అయిదు రివిజన్లు. నూట పన్నెండున్నర శాతం.

మర్నాడు పొద్దున్నే డైరెక్టర్ గారి కారు బడి ముందు ఆగింది. ఆయన శాలువాతో దిగారు. హెడ్మాస్టరు బసవయ్య గారు ఎందుకైనా మంచిదని ముందే చేతులు కట్టుకున్నారు.

"కంగ్రాచ్యులేషన్స్ అమ్మా! పక్క జిల్లావాళ్లు తొంభై తొమ్మిది దగ్గర కొట్టుకుంటున్నారు. మీరు వంద దాటించేశారు!"

"పొరపాటండీ. నెట్ రాక అయిదు ఫొటోలు రెండుసార్లు వెళ్లాయి," అన్నారు కనకలక్ష్మి గారు.

"రెండుసార్లు! విన్నారా బసవయ్య గారూ? అంకితభావం అంటే అదీ."

"నలభై మందిలో నలభై అయిదుగురు ఎలా చేస్తారండీ?"

"మనసు పెడితే చేస్తారమ్మా."

"చేస్తారండీ. మా పిల్లలు చేస్తారు," అన్నారు బసవయ్య గారు.

అక్కడే నిలబడి నేను గమనించిందేమిటంటే, డైరెక్టర్ గారు అబద్ధం ఆడటం లేదు. ఆ ఎక్కువైన అయిదుగురు పిల్లలు ఆయనకి నిజంగానే కనపడుతున్నారు. ఎక్కడో ఆఖరి బెంచీలో బుద్ధిగా కూర్చుని ఉన్నారు. నాలుక బయటపెట్టరు, మధ్యాహ్న భోజనం అడగరు. ఎదురుగా ఉన్న నలభై మందికంటే వాళ్లే ఆయనకి ముద్దొస్తున్నారు.

శాలువా కప్పి, "ఏం కావాలో అడగండమ్మా," అన్నారు.

"ఒక్క గంటండీ. ఫోను లేకుండా పాఠం చెప్పుకుంటాను."

ఆయన దిగులుపడ్డారు. "మరి ఆ గంటకి మ్యాపులో ఏ రంగు వెయ్యాలి?"

ఆయన కారు చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి వచ్చి నిర్ణయం ప్రకటించారు. "బూడిద రంగు వేద్దాం. ఇటు ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ ఉంది కదా, ఎవరైనా చూసినా సహజమే అనుకుంటారు."

ఆ గంట నేను కిటికీ దగ్గర నిలబడి చూశాను. టీచర్ గారు బల్ల మీద ఓ గిన్నె పెట్టారు.

"ఇందులో వంద వేయించిన శనగలున్నాయి. నూట పన్నెండు తినగలరా?"

"మా అన్నయ్య తింటాడు టీచర్!" అంది కీర్తన అనే పిల్ల.

"పక్కవాళ్ల గిన్నెలోవి కూడా తింటే తింటాడు. ఈ గిన్నెలోవే అయితే?"

"తినలేడు టీచర్!"

"అదీ. లాభం వంద శాతం దాటొచ్చు, ధర పెరుగుదల దాటొచ్చు. కానీ ఉన్నవాళ్లలో ఎంతమంది అని అడిగితే ఉన్నవాళ్లకంటే ఎక్కువ రారు. ఎవరైనా అలా లెక్క ఇస్తే, లెక్క తప్పు అని ధైర్యంగా రాయండి."

ముప్పై తొమ్మిది మంది అర్థమైందన్నారు. మనోజ్ఞ ఒక్కతే లేదు. మైలవరంలో వాళ్ల పిన్ని కూతురి ఓణీల ఫంక్షనుకి వెళ్లింది. "అయ్యో, దాని గతేంటో," అని టీచర్ గారు బాధపడ్డారు.

సోమవారం పరీక్ష జరిగింది. ప్రశ్నపత్రం మిషన్ ఆఫీసులో తయారైంది. సాధించిన విజయానికి గుర్తుగా చివర ఒక తప్పనిసరి ప్రశ్న చేర్చారు. 'ఒక బడిలో నలభై మంది విద్యార్థులున్నారు. వారిలో నలభై అయిదుగురు రివిజన్ చేశారు. శాతమెంత?' ఈ జవాబు తప్పైతే మిగతా జవాబులు దిద్దనక్కరలేదని దిద్దేవాళ్లకి ఆదేశం.

ముప్పై తొమ్మిది మంది 'లెక్క తప్పు' అని రాశారు. కొందరు కింద గీత కూడా గీశారు. మనోజ్ఞ మాత్రం ఫంక్షన్లో ఎవరో అక్క చెప్పిన సూత్రంలో అంకెలు పెట్టి నూట పన్నెండున్నర అని రాసింది.

ముప్పై తొమ్మిది మంది తప్పారు. మా ఊరు ఎర్రగా మారింది. డైరెక్టర్ గారు ఈసారి శాలువా లేకుండా దిగారు.

"పిల్లలు రాసింది కరెక్టండీ," అన్నారు కనకలక్ష్మి గారు.

"ఆన్సర్ కీలో అలా లేదమ్మా."

"కీలో లేదండీ," అన్నారు బసవయ్య గారు, కనకలక్ష్మి గారి వైపు తిరిగి.

"మళ్లీ దిద్దించండి సార్. లోపల పిల్లలు ఏడుస్తున్నారు."

డైరెక్టర్ గారు ట్యాబ్‌లో పైకీ కిందకీ వెతికారు. "ఏడుపుకి ఆప్షన్ లేదమ్మా. కానీ నేను కఠినాత్ముణ్ణి కాదు. వచ్చే వారం ఇదే పేపరుతో మళ్లీ పరీక్ష పెడతాను. ఈలోగా నెగ్గిన అమ్మాయి ఎలా నెగ్గిందో తెలుసుకుందాం."

మనోజ్ఞని పిలిపించారు.

"ఎలా చదివావు తల్లీ?"

"నేను ఆ రోజు బడికి రాలేదండీ. ఫంక్షనుకెళ్లాను."

"అక్కడేం చేశావు?"

"పులిహోర తిన్నానండీ."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లండీ."

డైరెక్టర్ గారు బసవయ్య గారి వైపు చూశారు. బసవయ్య గారు అర్థమైనట్టు తల ఊపారు.

రెండు రోజుల్లో బడి ఆవరణలో షామియానా లేచింది. ముప్పై తొమ్మిది మంది పిల్లలు అరిటాకుల ముందు వరుసల్లో కూర్చున్నారు. పులిహోర వడ్డన నిండుగా ఉందని, కరివేపాకు దండిగా పడిందని నేను పత్రికకి రాసి పంపాను. కనకలక్ష్మి గారు ఒక్కో ఆకు ముందూ వంగి ఫొటో తీసుకుంటూ వస్తున్నారు. డైరెక్టర్ గారు ఆవిడ వెనకే నడుస్తూ ట్యాబ్‌లో రంగు చూసుకుంటున్నారు.

కీర్తన దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల ముద్ద చేతిలోనే ఉంచుకుని తలెత్తింది.

"టీచర్, ఈసారి ఆ లెక్కకి ఏం రాయమంటారు?"

కనకలక్ష్మి గారు ఫోను కంటికి దగ్గరగా తెచ్చుకున్నారు.

"నోరు తెరువమ్మా, ఫొటో," అన్నారు.