బంకపిడి మాహాత్మ్యం

మీ ఇంట్లో దాచిన స్క్రూడ్రైవర్ రబ్బరు పిడి బంకబంకగా తయారైందా? అభినందనలు! అదృష్టం అటకెక్కి కూర్చుంటే మీరు గుర్తించలేదంతే.

మనల్ని పట్టుకుని వదలని మనుషులు ఈ రోజుల్లో ఎక్కడున్నారండీ? ఫోన్ చేస్తే ఎత్తరు, ఎదురైతే పలకరించరు. అలాంటిది పదకొండేళ్లు చీకట్లో పడున్న ఒక పనిముట్టు, ముట్టుకోగానే మన అరచేతిని కరుచుకుని వదలనంటుందే! ఇంత ఆప్యాయత ఇంకెవరు చూపిస్తారు?

నా పనిముట్ల పెట్టె సంగతే చెబుతాను. ఇరవై నాలుగు ఐటమ్స్, అన్నింటికీ ఎర్ర రబ్బరు గ్రిప్. కొన్న రోజు ఒక్కసారి చేత్తో నిమిరి, మళ్లీ ప్లాస్టిక్ కవర్లోనే పెట్టి, పాత దుప్పటి చుట్టి అటక మీద దాచాను. వాడితే గ్రిప్ అరిగిపోదూ! మా బావమరిది మూడుసార్లు అరువడిగాడు. మూడుసార్లూ "మా ఇంట్లో అసలు అలాంటిదే లేదోయ్" అన్నాను, మొహంలో ఏ మార్పూ లేకుండా.

పోయిన మంగళవారం పది గంటలకు మా ఆవిడకు ప్రమోషన్ ఇంటర్వ్యూ. ఆరేళ్లుగా ఎదురుచూస్తున్న ఇంటర్వ్యూ. సరిగ్గా తొమ్మిదింటికి బాత్రూం తలుపు హ్యాండిల్ ఊడి, లోపలున్న ఆవిడ చేతిలోకి వచ్చేసింది.

"ఏమండీ, కంగారుపడకండి. బయటి ప్లేటుకు రెండు స్క్రూలున్నాయి, అవి తీస్తే చాలు," అంది.

కంగారా? నాకా? పదకొండేళ్లుగా నేను కాచుకున్న ఘడియ కదా ఇది! ఒక్క ఉదుటున అటకెక్కి పెట్టె దించి తెరిచాను. ఇరవై నాలుగు ఐటమ్సూ ఒకదాన్నొకటి కావలించుకుని ఒకే ఐటమ్ అయ్యాయి! మా బంధువుల్లో నేనెన్నడూ చూడని ఐకమత్యం. బలంకొద్దీ లాగితే స్క్రూడ్రైవర్ వచ్చింది. వెంట కటింగ్ ప్లయరూ, సగం కవరూ వచ్చాయి.

తిప్పాను. రబ్బరు తిరిగింది, లోపలి ఇనుము కదల్లేదు. వదిలేద్దామంటే చెయ్యి ఊడిరాదు. రెండో చేత్తో పీకబోతే అదీ అతుక్కుంది. జారిన కళ్లజోడు సర్దుకోబోయాను, అదీ వచ్చి చేరింది.

"అయిందా?"

"అవుతోంది!"

"ఏమవుతోంది?"

తలుపుకు కూడా అతుక్కుపోకుండా ఒకడుగు వెనక్కి వేశాను.

ఇంటర్వ్యూ జవాబులు చూసుకోడానికి ఆవిడ ఫోను లోపలికి పట్టుకెళ్లింది కాబట్టి సరిపోయింది, తమ్ముడికి, అంటే ఆ బావమరిదికే, ఫోన్ కొట్టింది. వెనక వీధి నుంచి వాడు పరుగెత్తుకొచ్చాడు, చేతిలో మా మామగారి కాలంనాటి చెక్క పిడి స్క్రూడ్రైవర్. రోజూ వాడి వాడి నున్నగా అయిన పిడి. రెండు నిమిషాల్లో తలుపు తీశాడు. ఆవిడ తల కూడా దువ్వుకోకుండా పరుగెత్తింది. అప్పుడు వాడు తీరిగ్గా నా వైపు తిరిగాడు. రెడ్ హ్యాండెడ్‌గా దొరకడమంటే ఏమిటో నాకు తెలిసొచ్చింది.

"బావా, అలాంటిదే లేదన్నారు?"

ఆవిడకు ప్రమోషన్ వచ్చింది! ఒత్తిడిలో ఎలా పనిచేస్తారని అడిగితే మా బాత్రూం కథ చెప్పిందట. అడిగినవాళ్లు కడుపుబ్బ నవ్వారట. చూశారా బంక మహిమ!

ఇక్కడితో ముగించేవాణ్ణే. కానీ మర్నాడు షాపుకెళ్లి చెక్క పిడిది అడిగాను. "తెప్పించడం మానేశాం సార్. అది కొన్నవాళ్లు మళ్లీ షాపు మొహం చూడరు," అన్నాడు ఓనరు, ఏ దాపరికమూ లేకుండా. రబ్బరుది చేతిలో పెట్టాడు. వాడినా వాడకపోయినా దానంతటదే పాడవుతుందట! బావమరిదితో మూడుసార్లు అబద్ధమాడి నేను కాపాడింది దీన్నా? నాకు ఒళ్లు మండిపోయింది.

తిన్నగా బావమరిది ఇంటికెళ్లాను. వాడు గుమ్మంలో కూర్చుని కుర్చీ కాలు బిగిస్తున్నాడు.

"ఏమోయ్, ఆ చెక్క పిడిది ఒక్కరోజు ఇస్తావా?"

వాడు స్క్రూడ్రైవర్‌ను నా కళ్లముందే జేబులో దోపుకున్నాడు.

"మా ఇంట్లో అసలు అలాంటిదే లేదు బావా," అన్నాడు, మొహంలో ఏ మార్పూ లేకుండా.