ఖాళీ చెంచా, నిండు క్రమశిక్షణ

పిల్లల పెంపకం గురించి అనవసరంగా బెంగపెట్టుకుంటున్న తల్లిదండ్రులారా! ఈ లోకంలో ఉపాధ్యాయులందరిలోకీ ఉత్తముడు సెల్‌ఫోను. ఈ మాట అంటున్నది దారినపోయే దానయ్య కాదు. ఇంగ్లీషు మీడియం పాఠశాలలో హెడ్‌మాస్టరుగా పదవీ విరమణ చేసి, నేటికీ ఇంట్లో సైతం ఇస్త్రీ చొక్కాతో కూర్చునే పెద్దమనిషి.

ఉద్యోగకాలమంతా గంట కొట్టించాను, గుడ్లురిమాను, బెత్తంతో బల్ల చరిచాను. పిల్లలు పది నిమిషాలు కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. మరి నిన్న పళ్ల డాక్టరు దగ్గర నేను చూసిందేమిటి? వరసగా కూర్చున్న పిల్లలందరూ ఫోను చేతబట్టుకుని సమాధిస్థితిలో ఉన్నారు. వారిలో ఒకడికి పన్ను పీకేశారు కూడా. ఆ సంగతి వాడికి వీడియో అయిపోయాక తెలిసింది!

శాంతిభద్రతల మాటేమిటంటారా? మా వీధిలో బంతి తగిలి కిటికీ అద్దం పగిలి ఏళ్లు గడిచాయి. అద్దాలు బిగించే ఆయన ఆ పని మానేసి, ఫోను తెరలకు గాజుపొరలు అతికిస్తూ నిక్షేపంగా ఉన్నాడు. మోకాలు చెక్కుకుపోయిన పిల్లవాడు మందుకైనా దొరకడు. చెడు సావాసాల భయం అసలే లేదు. సావాసమంటూ ఉంటే కదా, అది చెడేది?

మా ఇంటి సంగతే చూడండి. పెద్ద మనవరాలికి పదిహేనేళ్లు. భోజనానికి రమ్మని గొంతు చించుకున్నా గదిలోంచి పలకదు. మెసేజ్ పెడితే మాత్రం క్షణంలో బొటనవేలి బొమ్మ పంపుతుంది. పూర్వం చదువురానివాళ్లు వేలిముద్ర వేసేవారు. ఇప్పుడు క్లాసులో ఫస్టు వచ్చే పిల్ల వేస్తోంది. విద్య ఎంత ఎత్తుకు ఎదిగిందో గమనించారా?

చిన్న మనవరాలికి మూడేళ్లు. ముద్దుగా పిచ్చుక అంటాం. ఫోను తెరిస్తే తప్ప అది నోరు తెరవదు. మొన్నొక సాయంత్రం మా కోడలు తన ఫోనులో ‘పిల్లల్లో స్వీయ క్రమశిక్షణ’ అనే ప్రసంగం వింటూ, పరధ్యానంగా ఖాళీ చెంచా పిచ్చుక నోట్లో పెట్టింది. పిచ్చుక తన ఫోనులో ఏనుగును చూస్తూ నమిలింది, మింగింది, మళ్లీ నోరు తెరిచింది. గిన్నెలో అన్నం గిన్నెలో ఉండగానే భోజనం ముగిసింది. మూతి కూడా తుడిచారు. గాలి భోంచేసే మునులకైనా ఇంతటి నిగ్రహం ఉండేదా?

అయితే మరునాడు పిల్లల డాక్టరు దాన్ని తూకం వేసి పెదవి విరిచాడు. ఏం చేస్తారో ఏమో, నెల తిరిగేసరికి బరువు పెరిగి తీరాలన్నాడు. సరిగ్గా ఆ సాయంత్రమే నెట్ పోయింది.

పిచ్చుక పెదవులకు తాళం వేసేసింది. కోడలు బతిమాలింది, బెదిరించింది. మా అబ్బాయి రూటరును ఒళ్లో పెట్టుకుని పసిబిడ్డను నిమిరినట్టు నిమిరాడు. ఏనుగేదీ, ఏనుగేదీ అని పిచ్చుక ఒకటే రాగం. చివరకు కోడలి చూపు నా మీద పడింది.

“మామయ్యగారూ, ఏమీ అనుకోకండి. ఒక్క రెండు నిమిషాలు మీరు ఏనుగవ్వరూ?”

ఇన్‌స్పెక్టరు వచ్చినా కుర్చీలోంచి సగమే లేచిన మనిషిని నేను! బీరువాలోంచి నా హెడ్‌మాస్టరు టై తీసి, ముక్కుకు ఆనించి తొండంలా పట్టుకుని, హాల్లో మోకాళ్ల మీద నడుస్తూ ఘీంకరించాను. ఉచ్చారణ దోషం లేకుండానే ఘీంకరించానని సవినయంగా మనవి.

పిచ్చుక దగ్గరికొచ్చింది. నా చెంప మీద వేలు పెట్టి పక్కకు తోసింది. తర్వాతి వీడియో రావాలని దాని ఉద్దేశం. నేను మారలేదు. ఆయాసం వచ్చి ఆగేసరికి తల్లికి ఫిర్యాదు చేసింది.

“అమ్మా, తాత కూడా ఆగిపోయాడు. తాతలో కూడా నెట్ లేదు.”

తొండం మళ్లీ ఎత్తాను. అది పకపకా నవ్వింది. తెరుచుకున్న నోట్లోకి నిండు చెంచా వెళ్లింది. నమిలి, ఇందులో ఉప్పు లేదంది. కోడలు రుచి చూసింది. నిజంగానే లేదు. ఎన్నాళ్లనుంచి లేదో ఎవరికి తెలుసు? గోల విని పెద్దది కూడా గది తలుపు తీసుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి కడుపుబ్బ నవ్వింది. దానికి పళ్లకు కట్టిన తీగ తీసేశారని నాకు ఆ పూటే తెలిసింది.

ఇటువంటి అనాగరిక పద్ధతులను నేను ఎంతమాత్రం సమర్థించను. మరునాటికల్లా నెట్ బాగైంది, నాగరికత తిరిగి వచ్చింది. చిత్రమేమిటంటే, నాటినుంచి మా ఇంట్లో ప్రతి సాయంత్రం సరిగ్గా ఏడింటికి నెట్ పోతోంది. బాగుచేసే కుర్రవాడు రెండుసార్లు వచ్చి తల గోక్కున్నాడు. మర్యాదకు నేనూ గోక్కున్నాను. రూటరు స్విచ్చు నా పడక కుర్చీ వెనకనే ఉండటం కేవలం యాదృచ్ఛికం. డాక్టరు పెదవి సైతం యథాస్థానానికి చేరుకోవడం మరొక యాదృచ్ఛికం.

ఈ వ్యాసంలో పడి వేళ గమనించలేదు. పెద్ద మనవరాలు ఇప్పుడే గదిలోంచి, ఎవరూ పిలవకుండా, తన కాళ్ల మీద తాను నడిచి వచ్చింది. చేతిలో నా టై ఉంది. అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గర గొంతు తగ్గించి అడిగింది.

“తాతయ్యా, ఏడు దాటింది. ఇంకా నెట్ పోలేదేంటి?”