నూరో నంబరు బట్టలో హేజలమ్మ

చౌడేశ్వరికి భయం లేని రోజు లేదు. కూతురు కీర్తన కాలేజీ బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే బ్యారేజీ మీదే ఏదో జరిగిందనుకుంటుంది. పక్కింటివాళ్ల కుక్కరు కూత ఆగినా గుండె దడే. మొగుడి విషయంలో మాత్రం ఇరవై రెండేళ్లుగా నిశ్చింతగా ఉంది. కోటిలింగం ముఖం చూసి ఎవరూ ఎత్తుకుపోరని ఆమె ధీమా.

ఆ ధీమా కాస్తా పార్సిల్లో వచ్చిన హేజలమ్మతో పోయింది.

కోటిలింగానికి గవర్నర్‌పేటలో కింద చేనేత చీరల కొట్టు, పైన ఇల్లు. ఆయనకున్న ఒక్కటే పిచ్చి, పాత జాజ్ గ్రామఫోన్ ప్లేట్లు. అందులోనూ లోకం మరిచిపోయిన శాక్సఫోన్ వాళ్లవే కావాలి. పేరున్నవాడి ప్లేటు ఊరికే ఇచ్చినా పుచ్చుకోడు. బజారంతా ఆయన్ని ‘సాక్సుల లింగం’ అంటుంది. ఏటా జూన్‌లో ఇద్దరు ముగ్గురైనా స్కూలు పిల్లల మేజోళ్ల కోసం కొట్టుకొస్తారు.

హేజల్ బ్రాంట్లీ అనే అమెరికా ఆవిడ అరవై ఏళ్ల కిందట ఇచ్చిన ఏకైక ప్లేటు అది. మళ్లీ అచ్చు కాలేదు. ఆరేళ్లు వెతికితే దొరికింది. అట్ట మీద ఆవిడ శాక్సఫోన్‌ను చంటిబిడ్డలా ఎత్తుకుని నవ్వుతోంది. ఆ నవ్వు చౌడేశ్వరికి నచ్చలేదు. అంతకన్నా నచ్చనిది, ఆ ప్లేటుకు చుట్టిన బట్ట.

“ఏవండీ! పెళ్లిరోజుకి నాకు అరవయ్యో నంబరు నూలు చీర పెట్టారు. దీనికి అంతకన్నా సన్నని నూరో నంబరు బట్టా?”

“గీతలు పడతాయే. సున్నితమైంది.”

“నేను గరుకా?”

“నీకేం, ఎన్ని ఉతుకులైనా ఆగుతావు.”

కీర్తన పుస్తకం చాటున నవ్వింది. “అమ్మా, ఆవిడ పోయి ముప్పై ఏళ్లయిందట.”

“అదేనే నా భయం. బతికుంటే వయసన్నా పెరిగేది!”

కొత్త సరుకొస్తే గురువారం రాహుకాలం వెళ్లాకే మడత విప్పడం కోటిలింగం తాతల నాటి ఆచారం. హేజలమ్మకీ అదే ముహూర్తం పెట్టాడు. ఈలోగా రోజుకు నాలుగుసార్లు బీరువా తెరిచి, అట్ట చూసి, మూసేవాడు. చౌడేశ్వరి కొత్త గాజులేసుకుని ఎదురుగా నిలబడితే “కాస్త పక్కకి జరుగు, వెలుతురు పడట్లేదు” అన్నాడు.

బుధవారం ఆమె అట్టను బీరువాలోనే ఉంచి, ప్లేటును మాత్రం పేపర్లో చుట్టి వెనక వీధికి వెళ్లింది. అక్కడ పెళ్లిళ్లకు బ్యాండు వాయించే బెన్నీ ఉన్నాడు.

“బెన్నీ, ఇదే సైజులో పనికిరాని ప్లేటేమన్నా ఉందా?”

“అటక మీద ఒకటుందండి, మేడమ్ గారూ. పేరుండే మధ్య కాగితం కూడా ఊడిపోయింది.”

“మరీ మంచిది. అదివ్వు. ఇది నీ దగ్గర దాచు. ఎవరితో అనకు.”

ఆమె పథకం చిన్నదే. ఆయన ఇంకా హేజలమ్మను వినలేదు. ఈ పాత ప్లేటు గరగరే ఆవిడ పాటనుకుంటే విరక్తి పుట్టి ఆవిడను అటకెక్కిస్తాడు. ఇంటికొచ్చి దాన్ని హేజలమ్మ అట్టలో పెట్టాక మాత్రం భయం పట్టుకుంది. విరక్తి ఎక్కువై సన్యాసుల్లో కలిస్తే? బీపీ పడిపోతే? ముందు జాగ్రత్తగా ఉప్పు నీళ్లు కలిపి పెట్టుకుంది.

గురువారం మూడు దాటాక కోటిలింగం కిటికీలన్నీ తెరిచి, సౌండు పెంచి, ప్లేటు మీద ముల్లు వాల్చాడు. కాసేపు గరగర. తర్వాత శాక్సఫోన్ లేచింది. వెనక డోలు మోత.

కోటిలింగం కళ్లు మూసుకున్నాడు. ఒక కన్నీటిచుక్క మీసం దాకా వచ్చి ఆగింది.

“విన్నావా! అమెరికాలో పుట్టి మోహన రాగం ఎట్లా పట్టిందో!”

“మీకు ఆ గరగర వినపడట్లేదూ?”

“అది గరగర కాదే. కాలం.”

“మరి ఆ డోలు?”

“ఆఫ్రికా మూలాలు.”

చౌడేశ్వరికి ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ అట్టకే పడ్డాడనుకుంటే ఇప్పుడు పాటకీ పడ్డాడు! నిజం చెబుదామా అంటే తనే దొరికిపోతుంది. ఉప్పు నీళ్లు తనే తాగేసింది.

ప్లేటు చివరికొచ్చింది. శాక్సఫోన్ ఆగింది. ఒక ఆడగొంతు ఆయాసపడుతూ అరిచింది. “ఒరే మాణిక్యం, డోలు తగ్గించరా! నా ఊపిరి పోతోంది!”

కోటిలింగం మెల్లగా తల తిప్పాడు.

“అమెరికాలో మన తెలుగువాళ్లు ఎక్కువట కదండీ” అంది చౌడేశ్వరి.

అప్పుడే తలుపు దగ్గర చేతికర్ర చప్పుడైంది. డెబ్బై ఎనిమిదేళ్ల ముసలావిడ, చంకలో పేపరు పొట్లం.

“నా ప్లేటు వేసిందెవరండీ? వీధి చివరిదాకా వినపడుతోంది.”

బెన్నీ నాయనమ్మ సంపూర్ణమ్మ. పడుచుతనంలో బ్యాండులో శాక్సఫోన్ వాయించేదట. తమ్ముడు మాణిక్యం డోలు కొడితే మద్రాసు వెళ్లి ప్లేటు అచ్చేయించుకున్నారట. ఒక్కటీ అమ్ముడుపోలేదు. ఇంట్లో మిగిలింది ఇదొక్కటే.

“మీ ఆవిడ మా బెన్నీకి దాచమనిచ్చింది ఇదిగో. నాది నాకిచ్చెయ్యండి” అని పొట్లం విప్పింది. అందులో అసలు హేజలమ్మ.

చౌడేశ్వరి నేల చూసింది. నేల చీలలేదు.

కోటిలింగం మాత్రం హేజలమ్మ వంక చూడనైనా చూడకుండా సంపూర్ణమ్మ కాళ్ల మీద పడ్డాడు. “అమ్మా! ప్రపంచమంతా వెతికాను. మీరు వెనక వీధిలోనా! రేపటి నుంచి రోజూ నాలుగింటికి మా ఇంటికి రావాలి. అన్నీ చెప్పాలి. కాఫీ మా చౌడేశ్వరి పెడుతుంది.”

ఇన్నాళ్లూ పోటీ అట్ట మీద ఉండేది. ఇకనుంచి సోఫాలో కూర్చుంటుంది.

ఆమె సంజాయిషీ వెతుక్కుంటుండగా కోటిలింగం తిరిగి చూశాడు. కోపం లేదు. కళ్లనిండా నీళ్లు.

“నువ్వు లేకపోతే ఈవిడ నాకు దొరికేదే కాదు. సంగీతం పట్టడంలో నీకున్న చెవి నాకు లేదే, చౌడేశ్వరీ!”

ఇరవై రెండేళ్లలో ఆయన నోట వచ్చిన మొదటి మెప్పు అది. కాదనలేక, ఔననలేక, పాలు పొంగుతున్నాయంటూ ఆమె వంటింట్లోకి పరుగెత్తింది.

పొయ్యి మీద పాలు పెట్టనే లేదు.