పెద్దన్న నోటుకు ఏమీ కాలేదు

పెద్దన్న దేశం నోటుకు ఏమీ కాలేదని, ఆ మాట రోజుకు మూడుసార్లు చెప్పాల్సి రావడం కేవలం యాదృచ్ఛికమని ఆర్థిక శాఖ ఇందుమూలంగా తెలియజేసింది.

తెలియనివారి కోసం మన విధానం చెబుతాను. మనకు చమురు లేదు, పక్క దేశానికి ఉంది. మన విదేశీ నోట్ల నిల్వల కార్యాలయం కిటికీ తెరిస్తే వాళ్ల బావి కనిపిస్తుంది. గాలి ఇటు తిరిగితే గుమాస్తాలకు తలనొప్పి కూడా వస్తుంది. మధ్యలో నడుమెత్తు గోడ. అయినా ముక్కు పట్టుకోవాలంటే చెయ్యి తల చుట్టూ తిప్పి తేవాలని మన పెద్దలు ఎప్పుడో నిర్ణయించారు. అందుకని మనం చెప్పులు కుట్టి, ఓడకెక్కించి, నెలన్నర దూరంలో ఉన్న పెద్దన్నకు అమ్మి, ఆయన నోట్లు తెచ్చి, వాటిని గోడ మీంచి అందించి చమురు తీసుకుంటాం. పక్క దేశం ఆ నోట్లను మళ్లీ పెద్దన్న దగ్గరే దాచుకుంటుంది. పెద్దన్న వాటినే మనకు వడ్డీకిస్తాడు. ఈ మొత్తం ఏర్పాటులో ఆయన చేసే పని నోట్లు అచ్చువేయడం ఒక్కటే. పాపం, అదీ యంత్రమే చేస్తుంది.

మిగిలిన నోట్లను మన నిల్వాధికారి ఇనుప గదిలో కాపాడేవాడు. సొంత పిల్లలకు జలుబు చేస్తే పట్టించుకోని మనిషి, కట్టలకు చెమ్మ తగిలితే మాత్రం తల్లడిల్లిపోయేవాడు. వారానికోసారి డాబా మీద ఎండబెట్టించేవాడు. తన పదవీ విరమణ సొమ్ము కూడా పెద్దన్న నోట్లలోనే ఇప్పించమని ముందే అర్జీ పెట్టుకున్నాడు. ఇంటి గోడలు లేచి నాలుగేళ్లయింది. సొమ్ము చేతికొస్తే స్లాబు వేయాలి. అంతవరకు ఆయన కుటుంబం రేకుల కింద ఉడుకుతోంది.

విరమణ ఇంకా నెల ఉందనగా, అవతల చమురు కొలిచే ఉద్యోగి నోట్ల కట్టను తిరిగి గోడ మీద పెట్టేశాడు. ఆయన నిల్వాధికారికి తోడల్లుడు.

"అన్నయ్యా, ఇవి వద్దు. మా గదులు నిండిపోయాయి. ఇంకో గది కట్టిద్దామంటే మేస్త్రి ఈ నోట్లు పుచ్చుకోనంటున్నాడు. చెప్పులుంటే ఇవ్వు, తొడుక్కుంటాం."

నిల్వాధికారి ఈ సంగతి పైవాళ్లకు రాయలేదు. ఒక్క నెల దాగితే తన ఇంటికి స్లాబు వేసేయొచ్చని ఆశపడ్డాడు. కానీ తోడల్లుడు భార్యకు చెప్పాడు, ఆమె తన అక్కకు చెప్పింది. సాయంత్రానికల్లా సిమెంటు కొట్టువాడు, నోట్లేనా, చెప్పులు లేవా అని అడగసాగాడు.

ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చోలేదు. చేతులు కాలాక పట్టుకోవాల్సింది ఏ ఆకులో తేల్చడానికి కమిటీ వేసింది. "నోటు పడిపోలేదు, ఉన్నచోటే ఉంది. మిగతావన్నీ క్రమశిక్షణ లేకుండా పైకి లేచాయి," అని ఆర్థిక మంత్రి సభలో గర్జించాడు. పెద్దన్న కూడా ఊరుకోలేదు. నమ్మకం పెరగాలని, నోటు మీద తన బొమ్మ మరికాస్త నవ్వుతున్నట్టు వేయించాడు.

చివరికి ఇనుప గదిని ఇకమీదట ఎవరి నోట్లతో నింపాలో తేల్చడానికి సమావేశం జరిగింది. పెద్దన్న తర్వాత అంతటివాడినని చెప్పుకునే చిన్నన్న దేశం నోటు ఇంకా ఎవరూ చూడకపోయినా చాలా బాగుంటుందని అందరూ ఒప్పుకున్నారు. రేకుల వేడి తలకెక్కిందో ఏమో, నిల్వాధికారి లేచి నిలబడ్డాడు.

"అయ్యా, వాళ్లకు మన చెప్పులు కావాలి, మనకు వాళ్ల చమురు కావాలి. మన నోటే ఇద్దాం. మధ్యలో ఈ అన్నలెందుకు?"

ఆ గదిలో ఇంత దేశభక్తి ఎన్నడూ వినలేదని మంత్రి మెచ్చుకున్నాడు. కళ్లద్దాలు తుడుచుకుని, మెల్లిగా అడిగాడు.

"అయితే మీ విరమణ సొమ్ము మన నోట్లలోనే ఇప్పించమంటారా?"

మన నోటును అచ్చువేయించేవాళ్లంతా ఆ బల్ల చుట్టూనే కూర్చుని ఉన్నారు. నిల్వాధికారి ఒక్కొక్కరి మొహం చూశాడు. ఆయనకు భయమేసింది.

"నేను దేశం సంగతి చెప్పానండీ. నాకు మాత్రం చిన్నన్న నోట్లే ఇప్పించండి."

ఇనుప గదిని చిన్నన్న నోట్లతోనే నింపాలన్న తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. మీరక్కడ ఉంటే చెయ్యెత్తేవారా కాదా అని నేను అడగను.