‘మన’ రద్దు

ప్రజాస్వామ్యానికి పట్టిన చీడ ‘మన’ అనే మాటేనని సాంస్కృతిక శాఖ మంత్రిగారు కనిపెట్టారు. ‘మన’ అంటే ఎవరిదీ కాదట. ‘నా’ అంటే బాధ్యత పుట్టుకొస్తుందట. ఇక నుంచి ప్రభుత్వ బోర్డులన్నింటి మీదా ‘నా’ అనే ఉండాలని ఆర్డరేశారు. బోర్డులు రాసుకు బతికే నేను ఆ క్షణమే ఆయన అభిమానినైపోయాను.

మొదటి బోర్డు మా వీధి గ్రంథాలయానిది. అక్కడ మా అక్కే లైబ్రేరియన్. మంత్రిగారి సమక్షంలో ‘మన గ్రంథాలయం’ చెరిపి ‘నా గ్రంథాలయం’ అని రాశాను.

“నా అంటే ఎవరిదిరా?” అంది అక్క.

“ఎవరు చదివితే వాళ్ళది!” అన్నారు మంత్రిగారు. అని, బోర్డు పైకి చదివి, కిటికీ పక్కనున్న టేకు పడకకుర్చీని తన కారెక్కించారు. జనం చప్పట్లు కొట్టారు. చెప్పింది చేసి చూపించే ఇలాంటి నాయకుడు నాకు మళ్ళీ దొరకడు.

మర్నాటికి మా వీధిలో అక్షరాస్యత అమాంతం పెరిగింది. ఏనాడూ అటు తొంగిచూడనివాళ్ళు కూడా వచ్చి బోర్డు చదివారు. టైలర్ ఫ్యాను విప్పుకున్నాడు. డాక్టరుగారు బల్లలు మోయించుకున్నారు. ఎదురింటి పిన్నిగారు నిఘంటువులు ఎత్తుకుంది.

“చదువుతారా పిన్నిగారూ?” అన్నాను.

“మంచం కోళ్ళ కిందికి సరిగ్గా సరిపోతాయి బాబూ!”

పత్రికలు దీన్ని ప్రజల భాగస్వామ్యం అన్నాయి. పై ఆఫీసు మాత్రం ఖాళీ గదికి లైబ్రేరియన్ దేనికని అక్కకు నోటీసిచ్చింది. నెలాఖరులోగా సామాను తిరిగి రాకపోతే ఉద్యోగం ఉండదు, గది గోడౌనవుతుంది. అక్క ఏడవలేదు, చెంగు దోపి ఇల్లిల్లూ తిరిగింది. నేనూ వెనకే నడిచాను.

డాక్టరుగారిస్తే ఇస్తానన్నాడు టైలర్. పిన్నిగారిస్తే ఇస్తామన్నారు డాక్టరుగారు.

“ముందు మంత్రిగారిని ఇవ్వమనమ్మా, ఆ వెనకే నేను,” అంది పిన్నిగారు.

మా వీధి ఇంత ఏకాభిప్రాయానికి రావడం నేనెప్పుడూ చూడలేదు.

అక్కాతమ్ముళ్ళం మంత్రిగారింటికి వెళ్ళాం. ఆయన ఆ పడకకుర్చీలోనే ఉన్నారు.

“కుర్చీ ఇచ్చెయ్యండి సార్. మీరిస్తే అందరూ ఇస్తామంటున్నారు,” అంది అక్క.

మంత్రిగారు నొచ్చుకున్నారు. లేచి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించారు.

“మనలో మనకి ఈ పట్టింపులేంటమ్మా? ఆ గోడౌను కూడా మనవాళ్ళకే ఇప్పిస్తున్నా. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. నువ్వు మనమ్మాయివి!”

తర్వాత నావైపు తిరిగి, బోర్డు మాత్రం అలాగే ఉంచమన్నారు.