బాబాయి తీసిన వీపులు

కెమెరా బాబాయికి లోకమంతా వెనక నుంచే తెలుసు. ఎదురుపడ్డ మనిషి మీద కెమెరా ఎత్తాలంటే ఆయనకు చచ్చేంత మొహమాటం. ఏ ఊరు వెళ్లినా, ఏ వీధి తిరిగినా జనాన్ని ముందుకు పోనిచ్చి, వెనక నుంచి టక్కున నొక్కి, ఏమీ ఎరగనట్టు ఆకాశంలోకి చూసేవాడు. అలా పోగేసిన వాటిలో ప్రాణంగా చూసుకునే పన్నెండు ఫోటోలను ఆ ఆదివారం లైబ్రరీ హాల్లో ప్రదర్శనకు పెట్టాలని పొద్దున్నే తయారయ్యాడు.

గుమ్మంలో భార్య అడ్డు నిలబడింది. "ఇల్లంతా వీపులే! దుమ్ము దులపలేక చస్తున్నాను. ఇష్టమైనవాళ్లు ఊరికే పట్టుకెళ్లొచ్చని బోర్డు పెట్టండి. సాయంత్రం నేనొచ్చేసరికి గోడ మీద ఒక్కటి మిగిలినా సరే, ఆ కెమెరా అటకెక్కుతుంది."

"ఒక్కటి మిగిలినా?"

"ఒక్కటి మిగిలినా."

మధ్యాహ్నం దాకా హాల్లో ఈగ కూడా వాలలేదు. బాబాయి ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు. అప్పుడు ఎండకు తాళలేక లోపలికొచ్చిన ఆయన ఆఫీసు మేనేజరు, సముద్రపొడ్డు ఫోటో ముందు కొయ్యబారిపోయాడు. అందులో చొక్కా లేని బట్టతల మనిషొకడు బంతి కోసం గాల్లోకి ఎగురుతున్నాడు. పోయిన వేసవిలో నడుం పట్టేసి మంచం దిగలేకపోతున్నానని మేనేజరు వారం రోజులు సెలవు పెట్టాడు మరి.

"ఇది... ఎవరయ్యా?"

"ఎవరో సార్. ఎంత హుషారో చూడండి!"

మేనేజరు నుదురు తుడుచుకున్నాడు. "సరే, నీకేం కావాలో చెప్పు. ప్రమోషనా?"

"అబ్బే, నాకేం వద్దు సార్. పదిమందీ చూస్తే చాలు."

పాపం, బాబాయి మనసులో మాటే చెప్పాడు. మేనేజరుకు అది బెదిరింపులా వినిపించింది. ఫోటో పీకి చంకలో పెట్టుకుని, మెట్ల మీద ఎదురైన డాక్టరుకూ హెడ్మాస్టరుకూ "వీడు అందరి గుట్టూ గోడకెక్కించాడండోయ్!" అని చెప్పి పరుగు లంకించుకున్నాడు.

ఆ ఇద్దరూ లోపలికి దూరి, మ్యాట్నీ టిక్కెట్ల కిటికీ దగ్గర నిలబడ్డ ఒకే ఒక్క వీపు ఫోటోను చెరో కొసా పట్టుకున్నారు.

"వదలండి మాస్టారూ, అది నా వీపు!"

"మీకంత భుజాలెక్కడివి డాక్టరుగారూ? అది నాది!"

తన ఫోటో కోసం పెద్దమనుషులు కొట్టుకుంటుంటే బాబాయి పొంగిపోయాడు. "అయ్యయ్యో, గొడవెందుకండీ! ఇంటి దగ్గర ఇంకా కాపీలున్నాయి, ఎన్ని కావాలంటే అన్ని ఇస్తాను" అన్నాడు. దాంతో ఇద్దరూ ఫోటో వదిలేసి ఆయన కాలరు పట్టుకున్నారు. కాపీలన్నీ రేపు వాళ్లిళ్లకే తెచ్చిస్తానని ఒట్టు పెట్టాక గానీ వదల్లేదు.

కబురు గుప్పుమంది. గంటలో హాలు కిక్కిరిసిపోయింది. ఎవరి వీపు వాళ్లెప్పుడు చూసుకున్నారు గనక? కాస్త అనుమానమున్న ప్రతివాడూ ఎందుకైనా మంచిదని ఒకటి లాక్కుపోయాడు.

సాయంత్రం భార్య వచ్చేసరికి గోడ మీద ఒక్కటే మిగిలింది. ఐస్‌క్రీమ్ బండి ముందు, రెండు చేతుల్లో రెండు ఐస్‌క్రీములతో ఓ ఆవిడ. అన్నిటిలోకీ బాబాయికి ఇష్టమైన ఫోటో అదే.

"పదకొండు పోయాయే. ఇదొక్కటే..." అంటూ ఆయన కెమెరా మెడలోంచి తీశాడు.

భార్య కెమెరా వంక చూడనే లేదు. బయటి తిండి ఒంటికి పడదని ఇంటిల్లిపాదినీ ముట్టనివ్వని మనిషి ఆవిడ. "ఎవరండీ ఈవిడ?" అంది నెమ్మదిగా.

"ఏమో! పోయిన నెల మార్కెట్లో కనిపించింది. ఎంత సంబరంగా తింటోందో చూడు. నువ్వూ ఎప్పుడైనా అలా తింటే చూడాలనిపించింది."

పాతికేళ్లు కాపురం చేసి తన వీపు పోల్చుకోలేదని తిట్టాలో, పోల్చుకోనందుకు దణ్ణం పెట్టాలో ఆవిడకు తోచలేదు. చటుక్కున ఫోటో పీకి సంచిలో కుక్కేసింది. "ఇది నేను తీసుకుంటున్నా. ఇంకేం మిగల్లేదుగా, పదండి!"

బాబాయికి కళ్లు చెమ్మగిల్లాయి. ఇన్నాళ్లకు ఇంట్లోనే ఒక అభిమాని దొరికింది.

మర్నాడు కెమెరా మెళ్లో వేసుకుని దర్జాగా వీధిలోకి దిగాడు. ఆయన్ని చూడగానే పాలవాడి దగ్గర్నుంచి పోస్టుమ్యాన్ దాకా గిరుక్కున తిరిగి, ఎదురుగా నిలబడి పళ్లికిలించారు. ఇంటికొస్తే భార్య కూడా గోడకు వీపు ఆనించే మాట్లాడింది.

వారం తిరక్కుండా బాబాయే నిచ్చెన వేసుకుని కెమెరాను అటక మీద పెట్టుకున్నాడు.