టూవ కదలికలపై తుది నివేదిక

ఎనిమిదేళ్ల టూవ కుర్చీలో కుదురుగా కూర్చోవడం లేదన్న సంగతిని స్వీడన్‌లోని ఆ చిన్న పట్టణపు బడి ఎంతో బాధ్యతగా గుర్తించింది. నలభై నిమిషాల పాఠంలో పిల్ల ముప్పై ఒక్కసార్లు కదిలిందని గునిల్లా టీచరు గీతలు పెట్టి మరీ తేల్చారు. ఆ నలభై నిమిషాలూ పాఠం ఎవరు చెప్పారన్నది నివేదికలో లేదు.

తప్పు తిండిదేనని మొదట నిర్ధారణ అయింది. పాలు మానిపించారు, గోధుమ రొట్టె మానిపించారు, ఎర్రగా కనిపించిందల్లా మానిపించారు. టూవ పెట్టింది తింది. చివరికి శనివారం మిఠాయి పొట్లం మీద పడ్డారు. అక్కడి పిల్లలు వారమంతా నోరు కట్టుకునేది ఆ ఒక్క పొట్లం కోసమే. బదులుగా క్యారెట్ ముక్కలు చేతిలో పెడితే టూవ వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చేటప్పుడు భుజాలు కదిలాయి గనక అదీ లెక్కలోకి ఎక్కింది.

తర్వాత డాక్టరుగారు మాత్రలు రాశారు. మాత్రలతో ఆకలి చచ్చి పిల్ల చిక్కిపోయింది. నీరసించిన పిల్ల తక్కువ కదులుతుంది కాబట్టి వైద్యం ఫలించిందని పెద్దలు ఒకరినొకరు అభినందించుకున్నారు.

సమీక్షా సమావేశానికి తండ్రి టోర్కెల్ టూవను వెంటబెట్టుకెళ్లాడు.

"గంటసేపు కదలకు తల్లీ. శనివారం నీ పొట్లం నీకిప్పిస్తా."

"ముక్కు దురద పెడితేనో నాన్నా?"

"ఓర్చుకో."

కాఫీ, దాల్చినచెక్క బన్నులు లేనిదే అక్కడ ఏ సమావేశమూ చెల్లదు. "నిశ్చలత్వమే నాగరికత! కుదురుగా కూర్చునే బాలలే రేపటి పౌరులు!" అని హెడ్మాస్టరు ఇంగ్వార్ మూడో బన్ను అందుకుంటూ సెలవిచ్చారు. ఆయన మోకాలి ఊపుకు బల్లమీద కప్పులు గలగలలాడాయి. గునిల్లా పెన్ను టకటకలాడించారు. డాక్టరుగారు కాఫీకి నాలుగుసార్లు లేచారు. టోర్కెల్ అయితే బల్ల కింద ఫోన్ తీస్తూనే ఉన్నాడు.

టూవ మాత్రం కదల్లేదు. పొద్దుపోక, టీచరు పెట్టినట్టే కాగితం మీద గీతలు పెట్టుకుంది. గంట గడిచాక ఆ కాగితం హెడ్మాస్టరు ముందుకు తోసింది.

"మీరంతా కలిపి నూట పన్నెండు," అంది నెమ్మదిగా.

గదిలో కాసేపు నిజంగానే ఎవరూ కదల్లేదు. ఇంగ్వార్ కాగితాన్ని తిప్పితిప్పి చూసి, విద్యార్థిని కుడిచేయి ఒక్క గంటలో నూట పన్నెండుసార్లు కదిలిందని రాయించారు. మాత్ర మోతాదు పెంచాలనీ, పొట్లం విషయం వచ్చే సమావేశంలో చూడాలనీ, ఆ సమావేశానికి మరో డజను బన్నులు తెప్పించాలనీ తీర్మానించారు. అందరూ చేతులెత్తారు. అందులో టోర్కెల్ చెయ్యి కూడా ఉంది.

ఆ చేతుల్ని టూవ లెక్కపెట్టలేదు. కుదురుగా కూర్చుంది.